నీళ్లు ఎక్కడ ఆగుతాయి: జెస్సో, యాక్రిలిక్‌తో ఎత్తుపల్లాల నేపథ్యాలు

(మిక్స్‌డ్ మీడియా వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

నమస్కారమండి. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు ఇబ్బంది లేకపోతే కాస్త ముందుకు జరగండి. ఇవాళ మనం చూడబోయేదంతా అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు ఎత్తులో జరిగే పని. దూరం నుంచి చూస్తే తెల్ల అట్ట మీద తెల్ల పూత తప్ప ఇంకేమీ కనబడదు.

ఇవిగో, రెండు అట్టముక్కలు. రెండూ తెల్లగానే ఉన్నాయి. రెండిటికీ రెండేసి పూతలు వేసి ఉన్నాయి. నా ఎడమవైపు ముక్కకు జెస్సో, అంటే రంగు వేయడానికి ముందు అడుగున పూసే తెల్ల పూత. కుడివైపు ముక్కకు మామూలు తెల్ల యాక్రిలిక్ రంగు. ఇప్పుడు బాగా నీళ్లు కలిపిన థాలో బ్లూ అనే గాఢమైన నీలం రంగు ఒక్కొక్క చుక్క వేస్తున్నాను. చూశారా? జెస్సో మీద చుక్క పక్కలకు పాకింది, అంచు మెత్తబడింది, తడి మెరుపు అప్పుడే తగ్గుతోంది. అంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. మరి ఇటువైపు? చుక్క గుండ్రంగా అలాగే కూర్చుంది. అట్టను కొంచెం వంచితే... ఇదిగో, జారిపోయింది. వెనక సన్నటి గీత కూడా సరిగా మిగల్లేదు.

రెండూ తెలుపే. ఒకటి నీళ్లు పీల్చుకుంటుంది, ఇంకొకటి జారవిడుస్తుంది. నేనివాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. నేపథ్యం చేసేటప్పుడు ప్రతి పొర దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ పొర నీళ్లను ఏం చేస్తుంది? పీల్చుకుంటుందా, జారవిడుస్తుందా, గుంటలో నిలబెడుతుందా? రంగు నీళ్లతోపాటే వెళుతుంది కదా. నీళ్లు ఎక్కడ ఆగితే రంగూ అక్కడే ఆగుతుంది. ఈ సంగతి పట్టుబడితే చాలావరకు మిగతాదంతా మీకు మీరే కనిపెట్టుకోగలరు.

జెస్సో ఎందుకు పీలుస్తుంది? దాంట్లో ఏముందో చూస్తే తెలుస్తుంది. యాక్రిలిక్ బైండర్, అంటే పట్టి ఉంచే జిగురు. సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్. తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్. మామూలు రంగుతో పోలిస్తే పొడి పాలు ఎక్కువ, జిగురు పాలు తక్కువ. ఆరాక పొడి రేణువులు కొంచెం కొంచెం బయటికి పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య సన్నటి సందులు మిగులుతాయి. వేలితో రాస్తే సన్నగా గరుకు తగులుతుంది. ఆ గరుకే రంగును పట్టుకుంటుంది, ఆ సందులే నీళ్లను తాగుతాయి. తెల్లరంగులో జిగురు ఎక్కువ. అది ఆరాక ప్లాస్టిక్ పొరలా మూసుకుపోతుంది. అందుకే జెస్సో అయిపోయిందని దాని బదులు తెల్లరంగు పూస్తే, పైకి అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది గాని, తర్వాత వేసే వాష్, అంటే బాగా నీళ్లు కలిపిన రంగు, ఒక్కటీ నిలవదు.

పాతకాలపు జెస్సో వేరు. జంతువుల చర్మం నుంచి తీసిన జిగురులో సుద్ద గాని జిప్సం గాని కలిపి చెక్కపలకలకు పూసేవారు. అది ఇంకా ఎక్కువ పీలుస్తుంది, గాజులా నునుపు చేయవచ్చు, కానీ పెళుసు. వంగే కాన్వాస్ మీద వేస్తే పగులుతుంది. 1955లో లిక్విటెక్స్ పేరుతో నీటితో కలిసే యాక్రిలిక్ రంగులు వచ్చాక, అదే యాక్రిలిక్ జిగురుతో జెస్సో చేయడం వాడుకలోకి వచ్చింది. మనం డబ్బాలో కొనేది ఇదే. వంగుతుంది, పగలదు. పగలదు అన్నానా? పల్చగా వేస్తే పగలదు. దీని సంగతి మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

ముందు అడుగున ఏముండాలో చూద్దాం. కాగితమైతే 300 జీఎస్ఎంకు, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుకు, తగ్గకూడదు. అంతకంటే పల్చటి కాగితం రెండు పూతలకే అలల్లా లేస్తుంది. 300 జీఎస్ఎం కూడా కొంచెం వంగుతుంది, కంగారుపడకండి. ఎందుకు వంగుతుంది? జెస్సో ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, కాగితాన్ని తనవైపు లాక్కుంటుంది. విరుగుడు తేలిక: వెనకవైపు కూడా ఒక పూత వేయండి. రెండువైపులా ఒకే లాగుడు ఉంటే కాగితం చదునుగా నిలబడుతుంది. పూర్తిగా ఆరాక మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన బరువుతో ఒక రాత్రి వదిలేయండి.

చెక్క, హార్డ్‌బోర్డ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన) పలక అయితే ఇంకో జాగ్రత్త ఉంది. తడి తగిలినప్పుడు చెక్కలోని పసుపు, గోధుమ రంగు పదార్థాలు కరిగి పైకి వస్తాయి. జెస్సో వాటిని ఆపలేదు, పీల్చుకునే గుణం ఉంది కదా, దారి ఇస్తుంది. పైన దళసరిగా జెల్, అంటే రంగు కలపని చిక్కటి యాక్రిలిక్ జిగురు, వేస్తే అది నెమ్మదిగా పసుపెక్కుతుంది. అందుకని జెస్సోకు ముందే గ్లాసీ మీడియం (మీడియం అంటే రంగు కలపని యాక్రిలిక్ జిగురు, గ్లాసీ అంటే ఆరాక మెరిసే రకం) రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు జెస్సో మొదలుపెట్టండి. ఎండీఎఫ్ అంచులకు కూడా వేయాలి. అంచులు నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్లీ తగ్గవు.

మొదటి పూత. డబ్బాలోంచి తీసిన జెస్సోకు పదోవంతు నుంచి ఐదోవంతు దాకా నీళ్లు. పాలమీగడలా జారాలి. నాలుగోవంతు మించి పోయకండి, జిగురు పలచబడి పొడి వదులైపోతుంది, ఆరాక చేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది. వెడల్పు కుంచెతో ఒకే దిశలో లాగండి. అరగంట, గంటలో ఆరుతుంది. రెండో పూత అడ్డంగా లాగండి. రెండు చాలు. ఈ అడుగు పూత నునుపుగా ఉండాల్సిన పనిలేదు, కుంచె చారలు ఉన్నా మంచిదే. ఆ చారల్లో కూడా రంగు దిగుతుంది.

ఇప్పుడు ఎత్తుపల్లాలు. ఇక్కడ కాస్త నిదానిద్దాం.

ఎత్తు రెండు రకాలుగా తేవచ్చు. జెస్సోతోనే తేవచ్చు, మోడలింగ్ పేస్ట్ అనే చిక్కటి ముద్దతో తేవచ్చు. జెస్సోతో తెచ్చేది చిన్న ఎత్తు: గీతలు, అచ్చులు, కుంచె చారలు. ఒక మిల్లీమీటరు లోపు అనుకోండి. అంతకు మించి కావాలంటే పేస్ట్ తీసుకోవాలి. ఎందుకు? జెస్సోను దళసరిగా ముద్ద వేశారనుకోండి. పైపొర ముందు ఆరుతుంది, ముడుచుకోవాలని చూస్తుంది. లోపల ఇంకా తడి ఉంది, అది ముడుచుకోదు. జిగురు తక్కువ కాబట్టి పైపొరకు సాగే బలం లేదు. ఇంకేం చేస్తుంది, పగులుతుంది. ఎండిన చెరువు అడుగున నెర్రెలు ఎలా వస్తాయో, సరిగ్గా అలాగే. ఇదిగో ఈ ముక్క, దీని మీద ఒకేసారి సుమారు 4 మిల్లీమీటర్ల మందంలో జెస్సో వేసి ఉంది. దగ్గర నుంచి చూడండి, నెర్రెలు అడుగుదాకా వెళ్లాయి. గోటితో అంచు లేపితే పెచ్చులా ఊడొస్తుంది. ఆ నెర్రెలే కావాలని వేసుకునేవాళ్లూ ఉన్నారు, బాగుంటాయి కూడా. కానీ పెచ్చు ఊడకుండా వాటి మీద పల్చటి మీడియం పోసి, సందుల్లోకి దిగనిచ్చి గట్టిపరచాలి.

మోడలింగ్ పేస్ట్‌లో కూడా పొడి ఉంటుంది, సాధారణంగా పాలరాతి పొడి. కానీ దాన్ని మందంగా వేయడానికే తయారుచేస్తారు, జిగురు పాలు సరిపడా ఉంటుంది. అయినా ఒకేసారి 3 మిల్లీమీటర్లు దాటకండి. ఇంకా ఎత్తు కావాలా? ఒక పొర ఆరాక ఇంకో పొర వేసుకోండి. 3 మిల్లీమీటర్ల పొర ఆరడానికి ఒక రోజు పడుతుంది, తేమ ఎక్కువైతే రెండు రోజులు. ఆరిందో లేదో చూపుతో తెలియదండీ. చేతి వెనకభాగం ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. నీళ్లు ఆవిరవుతూ చల్లబరుస్తున్నాయి అన్నమాట. గది వేడికి సమానంగా తగిలితే అప్పుడు ముట్టుకోండి.

స్టెన్సిల్, అంటే డిజైన్ ఆకారంలో కన్నాలు కోసిన పల్చటి రేకు. దాంతో పని చూపిస్తాను, ఎందుకంటే అందరికీ ఇక్కడే అంచులు పాడవుతాయి. స్టెన్సిల్‌ను రెండువైపులా టేపుతో అంటించాను. పేస్ట్ ఒక చెంచాడు, డిజైన్ మీద కాదు, పక్కన, స్టెన్సిల్ అంచు మీద పెట్టాను. పాలెట్ నైఫ్‌ను, అంటే రంగు పూసే పదునులేని కత్తిని, వాలుగా పట్టుకున్నాను, బల్లకు సుమారు 30 డిగ్రీలు. ఇప్పుడు ఒకే ఒక లాగుడు. ఇటు నుంచి అటు. కత్తి బరువు చాలు, అదమకూడదు. ఇంకోసారి పైపైన లాగి మిగిలింది తీసేశాను. అంతే. వెనక్కీ ముందుకీ రుద్దితే పేస్ట్ స్టెన్సిల్ కిందికి దూరుతుంది. కత్తి నిటారుగా పెట్టినా అదే జరుగుతుంది. పేస్ట్‌లో నీళ్లు కలిపినా అదే జరుగుతుంది. ఇప్పుడు టేపు ఒకవైపు తీసి, ఇంకోవైపు బిజాగిరిలా ఉంచి, పుస్తకం పేజీ తెరిచినట్టు నిటారుగా లేపుతున్నాను. పక్కకు జరిపితే అంచు చెదురుతుంది. చూడండి అంచు. మెట్టులా నిలబడింది కదా? స్టెన్సిల్‌ను వెంటనే నీళ్లలో వేసేయండి, వెంటనే. పది నిమిషాలు ఆగితే సన్నని కిటికీలన్నీ పూడిపోతాయి.

ఇంకో సంగతి. స్టెన్సిల్ చదునైన చోటే కూర్చుంటుంది. ముందే టిష్యూ ముడతలు, ఇసుక వేసేసి, ఆ గుట్టల మీద స్టెన్సిల్ పెడితే కింద ఖాళీలుంటాయి, పేస్ట్ పారిపోతుంది. అందుకని స్టెన్సిల్ ముందు, ముడతలు తర్వాత. ఈ వరస మాత్రం మార్చకండి.

అచ్చులు, గీతలు. వీటికి చాలా వస్తువులు పనికొస్తాయి. పైకాగితం ఒలిచిన ముడతల అట్ట, బుడగల ప్లాస్టిక్, దువ్వెన, పాత ప్లాస్టిక్ కార్డు, కుంచె వెనక కొన. వస్తువు ఏదన్నది పెద్ద విషయం కాదు, ఎప్పుడు అన్నదే విషయం. జెస్సో వేసిన వెంటనే దువ్వెన లాగితే గీతలు మళ్లీ పూడుకుంటాయి, ఇంకా జారుతోంది కదా. మరీ ఆలస్యమైతే పైన చర్మం కట్టి ఉంటుంది, దువ్వెన దాన్ని చింపి ముక్కలుగా లాగుతుంది. మధ్యలో ఒక సమయం ఉంటుంది. తడి మెరుపు పోయి, వేలికి ఇంకా అంటుకుంటుంది. అదీ సమయం. గది వేడిని బట్టి మూడు నిమిషాలు కావచ్చు, పది కావచ్చు. అంచున ఒకచోట గీసి చూసి, అప్పుడు మధ్యలోకి రండి.

టిష్యూ పేపర్. నాకు ఇది చాలా ఇష్టమైన పద్ధతి, కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. టిష్యూను ఉండచుట్టి, మళ్లీ విప్పండి, పూర్తిగా చదును చేయకండి. అట్ట మీద మ్యాట్ మీడియం, అంటే మెరుపు లేని రకం, ధారాళంగా పూయండి. టిష్యూను పైన పరవండి. ఇప్పుడు వేళ్లతో ముడతలను మీకు నచ్చినవైపు తోసుకుంటూ పోండి. కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల అసలు లేకుండా. తర్వాత మెత్తటి కుంచెతో పైనుంచి ఇంకో పూత మీడియం. గట్టి కుంచె వాడితే తడిసిన టిష్యూ చినుగుతుంది. పూసేటప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకం అవుతుంది. ఆరాక వేలి గోటితో మెల్లగా తట్టండి. డొల్లగా మోగినచోట కింద మీడియం అందలేదు, గాలి ఉంది. అక్కడ పదునైన బ్లేడుతో చిన్న గాటు పెట్టి, మీడియం ఎక్కించి, నొక్కండి. అలా వదిలేస్తే పైన రంగులన్నీ వేసి పూర్తయ్యాక ఏదో ఒకరోజు అక్కడే చిట్లుతుంది.

అచ్చు కాగితాలు అంటించే అలవాటున్నవాళ్లకు రెండు మాటలు. ఇంక్‌జెట్ ప్రింటు చాలావరకు తడికి కారుతుంది, గులాబి, ఊదా రంగులు పక్కకు పాకుతాయి. లేజర్ ప్రింటు కారదు. వార్తాపత్రిక కాగితం కాలక్రమంలో పసుపెక్కుతుంది, మీడియం పూసినా పూర్తిగా ఆగదు. పసుపెక్కినా నష్టం లేనిచోటే దాన్ని వాడండి.

ఇసుక, దారాలు, గాజుగుడ్డ కూడా వేసుకోవచ్చు. ఇసుక కడిగి ఆరబెట్టినదై ఉండాలి. జెస్సోలో కలపకండి, జెల్ మీడియంలో కలపండి. జెస్సోలో ఉన్న కొద్ది జిగురు తన పొడికే సరిపోతుంది, ఇసుకను ఏం పట్టుకుంటుంది? ఆరాక రేణువులు రాలుతాయి. ఆకులు, గింజలు వంటివి మాత్రం వద్దు. లోపల తేమ ఉంటుంది, బూజు పడతాయి, పురుగు పడుతుంది.

ఎత్తుపల్లాల పనిలో మునిగిపోతే ఒక ప్రమాదం ఉంది, ఈ మాట గట్టిగా చెప్పాలనే అనుకుంటున్నాను. అట్ట నిండా వేయకండి. ప్రతి అంగుళంలో ఏదో ఒకటి ఉంటే కంటికి ఆగే చోటుండదు. తర్వాత మీరు ముఖమో, పువ్వో, అక్షరాలో పెట్టబోతారు కదా, అవి ఎక్కడ కూర్చోవాలి? సగానికి పైగా ప్రశాంతంగా వదిలేయండి. ఎత్తులు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకనివ్వండి, మధ్యలో పలచబడనివ్వండి. రాత రాసే చోటు, బొమ్మ ముఖం వచ్చే చోటు చదునుగా ఉంచండి. ముడతల మీద గీసిన కన్ను వంకరగానే వస్తుంది.

సరే, ఇప్పుడు మన దగ్గర ఒక అట్ట ఉంది. అందులో ఒకచోట జెస్సో, ఒకచోట మోడలింగ్ పేస్ట్, ఒకచోట మీడియం పూసిన టిష్యూ, ఒకచోట జెల్‌లో ఇసుక. దీని మీద నేరుగా నీలం వాష్ పోస్తే ఏమవుతుంది? మొదట్లో వేసిన ప్రశ్నే. జెస్సో పీలుస్తుంది, పేస్ట్ పీలుస్తుంది. మీడియం జారవిడుస్తుంది, జెల్ జారవిడుస్తుంది. ఒకచోట ముదురు, పక్కన బోసి, అంచుల్లో మరకలు. చాలామంది ఇక్కడ రంగును తిడతారు. తప్పు రంగుది కాదండీ, అడుగుది.

అందుకని రంగుకు ముందు ఒక పని: మొత్తం మీద ఒక పల్చటి జెస్సో పూత. ఐదోవంతు నీళ్లు కలిపి, మెత్తటి కుంచెతో, పల్లాల్లోకి కూడా దిగేలా. కుంచె చివరలతో పొడుస్తూ వేయండి, లాగితే పల్లాలు వదిలేస్తుంది. గుంటల్లో నిలిచిపోతే పొడి కుంచెతో తీసేయండి, లేకపోతే సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. ఈ పూతతో అట్టంతా ఒకే రకంగా పీలుస్తుంది. ఇది అరగంట పని. ఈ అరగంట మిగుల్చుకుందామని చూస్తే తర్వాత చేసేదంతా గందరగోళమే.

కావాలని తేడా ఉంచుకోవడం వేరే. ఈ పూత ఆరాక, కొన్నిచోట్ల మాత్రం గ్లాసీ మీడియంతో ఒక డిజైన్ గీసి ఆరనిచ్చారనుకోండి. వాష్ పోసి తుడిస్తే ఆ డిజైన్ తెల్లగా నిలుస్తుంది. జారవిడిచే గుణాన్ని మనం పనిలో పెట్టుకున్నాం అన్నమాట. కింద అంటించిన అచ్చు కాగితం కనబడాలంటే తెల్ల జెస్సో బదులు క్లియర్ జెస్సో. గరుకు ఉంటుంది, తెలుపు ఉండదు. ముదురు రంగుల మీద మాత్రం కొంచెం మంచు పట్టినట్టు మసకగా కనబడుతుంది, అందుకే పల్చగా వేయాలి.

ఇక రంగు. ఎత్తుపల్లాలున్న అట్టకు రంగు మూడు దశల్లో వేస్తాం: పల్లాలకు, మొత్తానికి, ఎత్తులకు.

పల్లాలకు పారదర్శకమైన రంగులు కావాలి. థాలో బ్లూ, థాలో గ్రీన్, క్వినాక్రిడోన్ మెజెంటా, బర్న్ట్ సియెన్నా. ట్యూబు మీద చిన్న చతురస్రం ఉంటుంది, ఖాళీగా ఉంటే పారదర్శకం, నిండుగా ఉంటే అపారదర్శకం. థాలో, క్వినాక్రిడోన్ చాలా గాఢమైనవి, బఠాణీ గింజంత చాలు. అట్ట మీద ముందు నీళ్లు స్ప్రే చేయండి, తడి కనబడాలి, నిలవకూడదు. ఒక పాలు రంగుకు మూడు నాలుగు పాళ్లు నీళ్లు కలిపి వేయండి, అట్టను అటూ ఇటూ వంచండి. నీళ్లు పల్లాల్లోకి నడుస్తాయి. ఒకటి రెండు నిమిషాలాగి, కొంచెం తడిపిన గుడ్డను చదునుగా మడిచి ఎత్తుల మీద తుడవండి. గుడ్డ వదులుగా ఉంటే పల్లాల్లోకి దూరి అక్కడి రంగు కూడా తీసేస్తుంది. ఇదిగో, తుడుస్తున్నాను. స్టెన్సిల్ వేసిన ఆకారం చుట్టూ సన్నటి నీలి గీత మిగిలింది, చూడండి. అది నేను గీసింది కాదు. మెట్టు పక్కన నీళ్లు ఆగాయి, రంగూ అక్కడే ఆగింది.

ఇది పూర్తిగా ఆరాలి. యాక్రిలిక్ ఒకసారి ఆరితే మళ్లీ నీళ్లకు కరగదు, అదే మనకు వరం. నీలం ఆరాక నారింజ వేస్తే కింద నీలం చెదరకుండా రెండూ కలిసి లోతుగా కనబడతాయి. ఆరకముందే వేస్తే రెండూ కలిసిపోయి బురదరంగు. ఎదురెదురు రంగులు తడి మీద కలిస్తే బురదే వస్తుంది, ఎంత ఖరీదైన రంగైనా సరే. తడి మీద తడి వేయాలనిపిస్తే చుట్టపు రంగులు తీసుకోండి: నీలం, ఆకుపచ్చ, లేదా మెజెంటా, నారింజ.

రెండో దశలో మొత్తం మీద గ్లేజు, అంటే కింది రంగు కనబడేలా వేసే పారదర్శకమైన పొర. ఇప్పుడు నీళ్లు కాదు, మీడియం. ఒక పాలు రంగుకు పది పాళ్లు గ్లేజింగ్ మీడియం. ఎందుకు మార్చాం? మొదటి వాష్ తర్వాత సందులు కొంత పూడాయి, అట్ట మునుపటంత పీల్చదు. పీల్చని చోట నీళ్లెక్కువైన రంగు వేస్తే జిగురు చాలక రంగు గట్టిగా పట్టదు, తర్వాత తడి తగిలితే లేస్తుంది. మీడియంతో వేస్తే ఆ భయం లేదు. యాక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు కొంచెం లేతగా కనబడుతుంది, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. తడి రంగు చూసి తీర్పు చెప్పకండి.

మూడో దశ ఎత్తులకు. ఇక్కడ మళ్లీ జెస్సోయే. గట్టి కుంచె, పూర్తిగా పొడిగా. కొనకు కొంచెం జెస్సో అంటించి, కాగితం మీద రుద్దేసి, దాదాపు ఏమీ లేదనిపించాక, కుంచెను పడుకోబెట్టి ఎత్తుల మీద తేలిగ్గా నడపండి. శిఖరాలు మాత్రమే తెల్లబడతాయి. కుంచెలో తడి ఉంటే పల్లంలోకి జారుతుంది, అప్పటిదాకా చేసిన లోతంతా పోతుంది. మరీ సుద్దలా తెల్లగా వద్దనుకుంటే ఎల్లో ఓకర్ చిటికెడు కలపండి. ఇంకో దారి కూడా ఉంది: అన్నీ ఆరాక 320 నంబరు శాండ్‌పేపరు తడిపి ఎత్తుల మీద రుద్దితే అడుగు తెలుపు బయటపడుతుంది. పొడిగా రుద్దేటట్టయితే మాస్కు పెట్టుకోవాలి, ఆ దుమ్ము పీల్చకూడదు.

ఆల్కహాల్ చుక్కల గురించి అడిగారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి వాష్ మీద చుక్క వేస్తే రంగును పక్కకు నెడుతుంది, వలయం ఏర్పడుతుంది. వాష్ ఇంకా నిలబడి ఉండగానే వేయాలి. కొత్త జెస్సో మీద సరిగా రాదు, ఎందుకంటే వాష్ అప్పటికే దిగిపోయి ఉంటుంది. ఒకటి రెండు పొరలు పడ్డాక బాగా వస్తుంది. కిటికీ తీసి ఉంచండి, దగ్గర్లో హీట్ గన్ (వేడిగాలితో ఆరబెట్టే పరికరం) పెట్టవద్దు, అంటుకునే పదార్థం అది.

హీట్ గన్ అన్నాను కాబట్టి, పల్చటి వాష్‌లకు పరవాలేదు, ఒక జానెడు దూరంలో, కదుపుతూ వాడండి. మందపు పేస్ట్ మీద వద్దు. పైన చర్మం కడుతుంది, లోపలి నీళ్లు ఆవిరై పొక్కులు లేస్తాయి. చలి కూడా శత్రువే. 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉంటే యాక్రిలిక్ రేణువులు ఒకదానితో ఒకటి సరిగా అతుక్కోవు. ఆరినట్టే ఉంటుంది గాని పొరకు బలం ఉండదు.

ఇంట్లో జెస్సో చేసుకోవచ్చా అని ఇంకో ప్రశ్న. తెల్ల జిగురు, టాల్కం పొడి లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కొంచెం తెల్లరంగు కలిపి చేస్తుంటారు. నేర్చుకునే దశలో అభ్యాసానికి సరే. ప్లాస్టర్ తనంతట తాను గట్టిపడుతుంది, అరగంటలో ఉండలు కడుతుంది, ఆరాక పెళుసు. నిలవాల్సిన పనికి మాత్రం నేను ఒప్పుకోను. అడుగే వదులైతే పైన పడ్డ శ్రమంతా వదులే. గోడలకు వేసే ప్రైమరు కూడా అంతే, అది గోడ కోసం చేసింది, వంగే కాగితం కోసం కాదు.

జెస్సో మీద రాయడానికి సన్నమొన పెన్నులు వాడకండి. ఆ గరుకు మొనను అరగదీస్తుంది, పొడి మొనలో ఇరుక్కుని సిరా ఆగిపోతుంది. యాక్రిలిక్ మార్కరో, సన్న కుంచెతో పల్చటి రంగో వాడండి. పెన్నే కావాలంటే రాసే చోట ముందు మ్యాట్ మీడియం ఒక పూత వేసుకుని, ఒక రోజు ఆరనివ్వండి.

పైపూత మర్చిపోవద్దు. చివర్లో ఎత్తుల మీద వేసిన జెస్సో పీల్చే గుణంతోనే ఉంటుంది, చేతి జిడ్డు కూడా పీలుస్తుంది. మ్యాట్ మీడియం పల్చగా ఒక పూత, ఆరాక వార్నిష్. పైపూతతో రంగులు ముదురుతాయి, సుద్ద తెలుపు కొంచెం తగ్గుతుంది. మూలన చిన్నచోట పూసి చూసుకోండి. జర్నల్ పుస్తకంలో చేసేవాళ్లు గ్లాసీ రకాలు వాడవద్దు, ఎదురెదురు పేజీలు అతుక్కుపోతాయి. యాక్రిలిక్ పొర ఆరాక కూడా కొంచెం జిగటగానే ఉంటుంది, వేడికి, బరువుకు ఇంకా ఎక్కువ. పేజీల మధ్య బేకింగ్ పేపర్ పెట్టండి. అతుక్కున్న పేజీలను బలవంతంగా లాగితే రంగుతోపాటు కాగితం కూడా ఊడొస్తుంది. అలాంటప్పుడు పుస్తకాన్ని చల్లటి చోట కొంతసేపు ఉంచితే పొర గట్టిపడుతుంది, అప్పుడు చదునైన కత్తి పోనిచ్చి మెల్లగా విడదీయండి.

కుంచెలు. పని మధ్యలో కుంచెను బల్ల మీద పెట్టకండి, నీళ్లలో పడుకోబెట్టండి, నిలబెడితే కొన వంగుతుంది. జెస్సో లోహపు పట్టీ లోపలికి ఎక్కి ఆరిందంటే వెంట్రుకలు విచ్చుకుపోతాయి, ఆ కుంచె మళ్లీ మొన కట్టదు. జెస్సోకు వేరే కుంచెలు పెట్టుకోండి. కడిగిన నీళ్లు నేరుగా సింకులో పోయవద్దు, సుద్ద, జిగురు గొట్టంలో పేరుకుంటాయి. ముందు గుడ్డతో తుడిచి, బకెట్‌లో కడిగి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. చాలావరకు అడుగుకు చేరుతుంది. పైన తేటను మెల్లగా వంపేసి, అడుగు ముద్దను పాత కాగితంలోకి తీసి, ఆరాక చెత్తలో వేయండి. డబ్బా మూత పెట్టేముందు దాని అంచు తుడవండి. అక్కడ ఆరిన పెచ్చులే రేపు జెస్సోలో పడి, నునుపుగా ఉండాల్సిన చోట గీతలు గీస్తాయి.